ఒక దరఖాస్తు, మూడు కార్యాలయాలు: సైనిక కుటుంబ పెన్షన్ ఏ దారిన నడుస్తుంది

(పూర్వ సైనికుల కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, నాతోటి పూర్వ సైనికులకు, ముఖ్యంగా భర్తలనూ కొడుకులనూ పోగొట్టుకుని కూడా ఇంత దూరం వచ్చిన అక్కచెల్లెళ్లకు, తల్లులకు నమస్కారం.

మీలో చాలామంది ఒడిలో ప్లాస్టిక్ కవర్లు కనిపిస్తున్నాయి. వాటిలో డిశ్చార్జ్ బుక్కు, పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు) జిరాక్సు, బ్యాంకు పాస్‌బుక్కు, ఆధార్ కార్డు ఉంటాయి. వాటితోపాటు ఏదో ఒక కార్యాలయం నుంచి ఇంగ్లీషులోనో హిందీలోనో వచ్చిన ఉత్తరం ఒకటి, మడతల దగ్గర చిరిగిపోయేంతగా పదేపదే విప్పి చూసినది, తప్పకుండా ఉంటుంది. ఆ ఉత్తరం ఎవరు రాశారు, ఎందుకు రాశారు, దానికి జవాబు ఎవరికి పంపాలి అన్న విషయమే ఇవాళ మాట్లాడతాను. నేను సైన్యంలో క్లర్కుగా పనిచేశాను. అందులో కొన్నేళ్లు ఒక రికార్డ్ ఆఫీసులో అలాంటి ఉత్తరాలు రాయడమే నా పని. రిటైరయ్యాక కొన్నేళ్లుగా వాటికి జవాబులు రాసిపెడుతున్నాను.

సైనిక పెన్షన్ అనగానే మనవాళ్లు "గవర్నమెంటు ఇస్తుంది" అంటారు. ఆ గవర్నమెంటు ఒక కార్యాలయం కాదు, మూడు. మొదటిది రికార్డ్ ఆఫీసు. ఈ మనిషి ఎవరు, ఎన్నేళ్లు సర్వీసు చేశాడు, ఎలా చనిపోయాడు, అతని కుటుంబంలో ఎవరెవరున్నారు అన్న వాస్తవాలకు అది పూచీ. రెండవది ప్రయాగ్‌రాజ్‌లోని పీసీడీఏ పెన్షన్స్, అంటే ప్రిన్సిపల్ కంట్రోలర్ ఆఫ్ డిఫెన్స్ అకౌంట్స్ కార్యాలయం. మనవాళ్లు ఇప్పటికీ అలహాబాద్ అనే అంటారు. రికార్డ్ ఆఫీసు పంపిన వాస్తవాలను నిబంధనల పక్కన పెట్టి, ఏ రకం పెన్షన్, ఎంత, ఎవరి పేరున అన్నది తేల్చి పీపీఓ ఇచ్చేది అదే. మూడవది డబ్బు చెల్లించే వ్యవస్థ. ఒకప్పుడు బ్యాంకులు, డీపీడీఓలు అనే రక్షణ పెన్షన్ చెల్లింపు కార్యాలయాలు, ట్రెజరీలు చేసిన ఆ పని ఇప్పుడు చాలామట్టుకు స్పర్శ్ అనే కంప్యూటర్ వ్యవస్థ చేతికి వచ్చింది. ఈ మనిషి బతికే ఉన్నాడా, డబ్బు ఏ ఖాతాలో వేయాలి అన్నదే దాని ప్రశ్న.

రెండవ కార్యాలయం గురించి ఒక మాట బాగా గుర్తుపెట్టుకోండి. పీసీడీఏ సైన్యంలో భాగం కాదు. అది రక్షణ ఖాతాల శాఖ, అంటే సివిలియన్ ఉద్యోగుల శాఖ. వాస్తవాన్ని ధ్రువీకరించే చెయ్యి, ఖజానా తాళం తీసే చెయ్యి ఒకటి కాకూడదన్న ఉద్దేశంతో ఈ విభజన చేశారు. అది సరైన ఉద్దేశమేనని నేను నమ్ముతాను. అయితే దీనివల్ల, పీసీడీఏలో మీ కేసు చూసే ఉద్యోగికి మీ ఆయన ఎవరో తెలియదు, మీ పెళ్లి తెలియదు, మీ పిల్లలు తెలియరు. రికార్డ్ ఆఫీసు కాగితం మీద రాసి పంపినది మాత్రమే తెలుసు. అందుకే "నా పేరు తప్పు పడింది" అని ప్రయాగ్‌రాజ్‌కు పది ఉత్తరాలు రాసినా ప్రయోజనం ఉండదు. వాళ్లు ఆ ఉత్తరాన్ని రికార్డ్ ఆఫీసుకు పంపిస్తారు, లేదా "రికార్డ్ ఆఫీసు ద్వారా రండి" అని మీకే తిప్పి పంపిస్తారు.

ఇక రికార్డ్ ఆఫీసు ఎక్కడుంటుంది అన్నది మీ ఊరిని బట్టి కాదు, మీవారు పనిచేసిన రెజిమెంటును బట్టి, కోర్‌ను, అంటే సైన్యంలోని విభాగాన్ని బట్టి ఉంటుంది. మద్రాస్ రెజిమెంట్ వారిది నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో, ఆర్టిలరీ వారిది నాసిక్‌లో, సిగ్నల్స్ వారిది జబల్‌పూర్‌లో, మెడికల్ కోర్ వారిది లక్నోలో ఉన్నాయి. మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ వారికి బెంగళూరు. ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజనీర్ల కోర్) వారూ, ఆయుధ సామగ్రి చూసే ఆర్డ్‌నెన్స్ కోర్ వారూ మాత్రం అదృష్టవంతులు, వారి రికార్డులు సికింద్రాబాద్‌లోనే ఉన్నాయి. ఆఫీసర్ల రికార్డులు ఢిల్లీలోని సైన్య ప్రధాన కార్యాలయంలో ఉంటాయి. నేవీలో సెయిలర్ల సంగతి ముంబయిలోని బ్యూరో ఆఫ్ సెయిలర్స్ చూస్తుంది. వారికి పెన్షన్ మంజూరు చేసేది కూడా ముంబయిలోని ఖాతాల కార్యాలయమే. ఎయిర్‌ఫోర్స్ వారికి ఢిల్లీలోని సుబ్రతో పార్క్. కాబట్టి నేవీ ఉద్యోగి భార్య ప్రయాగ్‌రాజ్‌కు రాస్తే ఆ ఉత్తరం తప్పు గుమ్మం తట్టినట్టే.

ఈ మూడింటిలో దేని దగ్గర కేసులు ఎక్కువగా ఆగుతాయని నన్ను తరచూ అడుగుతుంటారు. నా అనుభవంలో, కేసు ఆగడానికి కారణం చాలాసార్లు ఈ మూడింటికంటే ముందే, ఆ జవాను బతికి ఉండగానే పుట్టి ఉంటుంది. దాని పేరు పార్ట్ టూ ఆర్డర్. సెలవుపై వచ్చి పెళ్లి చేసుకున్న కుర్రవాడు యూనిట్‌కు తిరిగి వెళ్లాక పెళ్లి వివరాలు ఇవ్వాలి. యూనిట్ దాన్ని పార్ట్ టూ ఆర్డర్‌గా ప్రచురిస్తుంది. అది రికార్డ్ ఆఫీసుకు చేరి అతని షీట్ రోల్‌లో, అంటే సర్వీసు రికార్డులో ఎక్కుతుంది. బిడ్డ పుడితే మరొక ఆర్డర్, ఆ బిడ్డ పోతే ఇంకొకటి, విడాకులైతే ఇంకొకటి. ఆ ఆర్డర్ లేనంతవరకు సైన్యం లెక్కలో ఆ పెళ్లి జరగనట్టే. ఇరవై రోజుల సెలవులో పెళ్లి, అప్పగింతలు, అత్తవారింటి మర్యాదలు అయ్యేసరికి రైలు టైము అవుతుంది. వెళ్లిన తర్వాత ఫీల్డ్ ఏరియాలో పోస్టింగు. పంచాయతీలో తీసుకోవలసిన పెళ్లి సర్టిఫికెట్ "వచ్చే సెలవులో చూద్దాం" అనుకుంటాడు. అతను కావాలని చేసిన తప్పు కాదది. కానీ ఆ వచ్చే సెలవు రాకపోతే, ఆ ఒక్క కాగితం లేనందుకు ఆ అమ్మాయి నెలల తరబడి, కొన్నిసార్లు సంవత్సరాల తరబడి, తాను అతని భార్యనని రుజువు చేసుకుంటూ తిరగాలి.

రెండవ చిక్కు పేర్లది, ఇది ప్రత్యేకంగా మన తెలుగువాళ్ల చిక్కు. మనకు ఇంటిపేరు ముందుంటుంది, పేరు వెనక ఉంటుంది. భర్తీ సమయంలో ఉత్తరాది క్లర్కు "సర్‌నేమ్ క్యా హై" అని అడిగితే, పద్ధెనిమిదేళ్ల కుర్రవాడు తన పేరులో చివరి ముక్క చెబుతాడు. ఇంటిపేరు ఒక పొడి అక్షరమైపోతుంది, లేదా పూర్తిగా ఎగిరిపోతుంది. ఆ తర్వాత భార్య పేరు రాసేటప్పుడు ఆమె పేరు వెనక ఆ చివరి ముక్కను తగిలిస్తారు. కానీ ఆధార్‌లో ఆమెకు ఇంటిపేరు ముందుంది, భర్త పేరులోని ముక్క ఎక్కడా లేదు. అత్తవారింట పిలిచే పేరు ఒకటి, పుట్టింటివారు బడిలో వేసిన పేరు ఇంకొకటి అయితే ఇక చెప్పక్కర్లేదు. పుట్టిన తేదీ సంగతీ అంతే. మన పెద్దవాళ్లలో చాలామందికి ఆధార్‌లో జనవరి ఒకటో తేదీ వేసి ఉంటుంది, డిశ్చార్జ్ బుక్కులో ఏదో ఒక సంవత్సరం మాత్రమే ఉంటుంది. మనిషి చూస్తే ఆ రెండు కాగితాల్లో ఉన్నది ఒకరేనని క్షణంలో అర్థమవుతుంది. కంప్యూటర్‌కు మాత్రం వాళ్లు ఇద్దరు మనుషులు.

ఇప్పుడు నా గురించి ఒక విషయం చెప్పాలి. నేను రికార్డ్ ఆఫీసులో చేరిన కొత్తలో ఒక వితంతువు కేసు నా బల్ల మీదికి వచ్చింది. పేరులో తేడా ఉందని మొదట ఉత్తరం రాశాను. ఆమె అఫిడవిట్ పంపింది. అప్పుడు మరణ ధ్రువీకరణ పత్రం మీద ముద్ర సరిగా లేదని ఇంకొకటి రాశాను. అదీ పంపింది. ఆ తర్వాత పిల్లవాడి పుట్టిన తేదీ మా రికార్డుతో కలవడం లేదని మూడవది రాశాను. ఆ మూడు లోపాలూ మొదటి రోజునే ఆ ఫైల్లో ఉన్నాయి. ఒక్క ఉత్తరంలో మూడూ అడిగి ఉండవలసింది. అప్పట్లో మాకు నేర్పిన పద్ధతే అది. మొదటి తప్పు కనబడగానే ఫైలు తిప్పి పంపితే ఆ రోజు పెండింగ్ లెక్కలో ఒకటి తగ్గుతుంది. ఆ ఒక్క అంకె తగ్గడానికి ఆమెకు ఎంత కాలం పట్టిందో ఇప్పుడు, మీవంటివారి పక్కన కూర్చుని అఫిడవిట్లు రాస్తున్నప్పుడు, తెలుస్తోంది. అందుకే మీకు ఏ ఆక్షేపణ ఉత్తరం వచ్చినా, దానికి జవాబు రాస్తూనే "ఇవి కాక ఇంకా ఏమైనా కావలసి ఉంటే ఇప్పుడే తెలపండి" అని ఒక వాక్యం చేర్చమని చెబుతున్నాను. ఆ వాక్యం చదివి ఫైలు మొత్తం తిరగేసే క్లర్కులు ఉన్నారు.

ఇక రెండవ బల్ల దగ్గరికి, అంటే పీసీడీఏ దగ్గరికి వద్దాం. ఫ్యామిలీ పెన్షన్ ఒకటే రకం కాదు. సాధారణం, ప్రత్యేకం, లిబరలైజ్డ్ అని మూడు రకాలు. ఒక జవాను చివరిగా తీసుకున్న, లెక్కలోకి వచ్చే జీతం 40,000 రూపాయలు అనుకుందాం. సాధారణ ఫ్యామిలీ పెన్షన్ అందులో 30 శాతం, అంటే 12,000. అయితే సర్వీసులో ఉండగా చనిపోతే మొదటి పదేళ్లపాటు 50 శాతం, అంటే 20,000 వస్తుంది. ఈ పెంచిన రేటుకు ఒకప్పుడు కనీసం ఏడేళ్ల సర్వీసు ఉండాలనే షరతు ఉండేది. 2019 అక్టోబరు 1 నుంచి దాన్ని ఎత్తివేశారు. ప్రత్యేక ఫ్యామిలీ పెన్షన్ అయితే 60 శాతం, అంటే 24,000. లిబరలైజ్డ్ అయితే జీతం మొత్తం, 40,000. వీటన్నిటి మీదా కరువు భత్యం అదనం. మనిషి అదే, జీతం అదే, పోయిన లోటు అదే. తేడా అంతా అతను ఏ పరిస్థితిలో చనిపోయాడన్న దాని మీద.

ఆ పరిస్థితులను రక్షణ మంత్రిత్వ శాఖ 2001 జనవరి 31 నాటి ఉత్తరువులో ఏ నుంచి ఇ వరకు అయిదు తరగతులుగా విడగొట్టింది. సర్వీసుతో సంబంధం లేని సహజ మరణం ఏ తరగతి. సర్వీసు పరిస్థితుల వల్ల వచ్చిన జబ్బు బి, డ్యూటీలో ప్రమాదం సి. తీవ్రవాదుల దాడి వంటివి డి, శత్రువుతో పోరు ఇ. ఏ తరగతికి సాధారణ పెన్షన్, బి, సి తరగతులకు ప్రత్యేక పెన్షన్, డి, ఇ తరగతులకు లిబరలైజ్డ్ పెన్షన్. ప్రమాదం జరిగినప్పుడు యూనిట్‌లో కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ కూర్చుంటుంది. ఆ మరణం సర్వీసుకు ఆపాదించదగినదా కాదా అని చివర్లో ఒక అభిప్రాయం రాస్తారు. ఆ కాగితంలోని ఒకటి రెండు పంక్తుల మీద ఒక కుటుంబం జీవితాంతం తినే తిండి ఆధారపడి ఉంటుంది. సెలవు మీద ఇంటికి ప్రయాణిస్తుండగా జరిగిన ప్రమాదాన్నీ, ఇంటికి చేరాక సొంత పని మీద బండి తోలుతుండగా జరిగిన ప్రమాదాన్నీ నిబంధనలు ఒకేలా చూడవు. అందువల్ల ఆ రోజు అతను ఏ రైలు దిగాడు, చేతిలో సైన్యం ఇచ్చిన ఏ ప్రయాణ వారెంటు ఉంది, ఎవరు చూశారు అన్న వివరాలు పోనివ్వకూడదు. ఆ ఎంక్వైరీ నకలు కావాలని కుటుంబం రాతపూర్వకంగా అడగాలి. దుఃఖంలో ఉన్న ఇల్లు ఆ మాట అడగలేదు కాబట్టి ఊళ్లో ఉన్న మనలాంటి వాళ్లమే వాళ్ల తరఫున అడిగించాలి.

ఆపాదింపు విషయంలో అంగవైకల్య పెన్షన్లకు సంబంధించి సుప్రీంకోర్టు 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో ఇచ్చిన తీర్పు మీరు వినే ఉంటారు. భర్తీ చేసుకున్నప్పుడు వైద్య పరీక్షలో ఏ జబ్బూ రాసిపెట్టకపోతే అతను ఆరోగ్యంగానే సైన్యంలో చేరాడని భావించాలని, తర్వాత వచ్చిన జబ్బుకు సర్వీసుతో సంబంధం లేదని నిరూపించే భారం ప్రభుత్వానిదేనని, సందేహం ఉంటే దాని లాభం సైనికుడికే చెందాలని ఆ తీర్పు సారాంశం. అంగవైకల్య కేసుల్లో మొదట మెడికల్ బోర్డు, దాని మీద నిర్ణయం, తర్వాత మొదటి అప్పీలు, రెండవ అప్పీలు, అప్పటికీ కాకపోతే సాయుధ దళాల ట్రిబ్యునల్. 2007 చట్టం కింద ఏర్పడిన ఆ ట్రిబ్యునల్ 2009 నుంచి పనిచేస్తోంది. చివరి ఉత్తర్వు చేతికి అందాక ఆరు నెలల్లోపు దాన్ని ఆశ్రయించాలి. ఆలస్యమైతే కారణం చెప్పుకోవాలి. కాబట్టి ఉత్తర్వు వచ్చిన కవరును కూడా పారేయకండి, దానిమీద తపాలా ముద్ర తేదీ ఉంటుంది.

మూడవ బల్ల స్పర్శ్. రక్షణ పెన్షనర్లు దేశంలో 30 లక్షలకు పైగా ఉన్నారు. ఇంతమంది వివరాలను పాత పీపీఓల నుంచీ, బ్యాంకుల నుంచీ కొత్త వ్యవస్థలోకి ఎక్కించారు. పాత రికార్డులో ఉన్న తప్పులు కూడా వాటితోపాటే ఎక్కాయి. బ్యాంకులో ఉన్నప్పుడు మేనేజరుకు మీరు ముఖపరిచయం, తేడా ఉన్నా నడిచిపోయేది. ఇప్పుడు నడవదు. అయినా ఈ మార్పు మంచిదేనని నా అభిప్రాయం. ఎందుకంటే మీ పీపీఓ, ప్రతి నెలా ఎంత పడింది, ఎంత కోత పెట్టారు అన్నది మీరే చూసుకోవచ్చు. ఒకప్పుడు అది తెలుసుకోవడానికి బ్యాంకు ప్రధాన కేంద్రానికి ఉత్తరాలు రాయవలసి వచ్చేది. స్మార్ట్‌ఫోన్ వాడని పెద్దవాళ్లు సీఎస్‌సీ (కామన్ సర్వీస్ సెంటర్) కేంద్రానికో, స్పర్శ్ సర్వీస్ సెంటర్‌కో వెళ్లవచ్చు. కానీ ఓటీపీ చెప్పేటప్పుడు మీ మనిషి ఒకరు పక్కన ఉండాలి. ఏడాదికోసారి ఇవ్వవలసిన లైఫ్ సర్టిఫికెట్ మరిచిపోతే పెన్షన్ ఆగిపోతుంది.

పెన్షన్ తీసుకుంటున్న భర్త చనిపోయినప్పుడు ఏమవుతుందో చూద్దాం. ఆయన పీపీఓలోనే భార్య పేరు ఫ్యామిలీ పెన్షన్‌కు నమోదై ఉంటే ఆమె మళ్లీ రికార్డ్ ఆఫీసు దాకా వెళ్లనక్కర్లేదు. మరణ ధ్రువీకరణ పత్రం, తన ఆధార్, పాన్, బ్యాంకు వివరాలతో స్పర్శ్‌లో మరణం తెలియజేస్తే చాలు. ఆమె పేరు లేకపోయినా, తప్పుగా ఉన్నా మళ్లీ మొదటి బల్లకే వెళ్లాలి. పెళ్లి రుజువులతో, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ధ్రువీకరణతో రికార్డ్ ఆఫీసుకు దరఖాస్తు వెళ్లి, అక్కడినుంచి పీసీడీఏకు వెళ్లి, కొరిజెండం పీపీఓ, అంటే సవరించిన పీపీఓ, వచ్చాకే డబ్బు మొదలవుతుంది. చాలాకాలం కిందట రిటైరైనవారి పీపీఓల్లో భార్య పేరు ఉండేదే కాదు, వారు ముందు జాగ్రత్తపడాలి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం గురించి కూడా ఇక్కడే చెబుతాను. చాలామంది అక్కడే పెన్షన్ ఇస్తారనుకుని వారితో గొడవపడతారు. వారికి పెన్షన్ మంజూరు చేసే అధికారం లేదు. సంతకం పెట్టించడం, ధ్రువీకరించడం, సరైన చిరునామాకు పంపించడం వారి పని, ఆ పని చాలా విలువైనది.

డబ్బు ఎవరికి అన్నదాని మీద ఇళ్లలో వచ్చే తగవులు చూస్తే మనసు కలుక్కుమంటుంది. నామినీ అని రాసినవారికే ఫ్యామిలీ పెన్షన్ వస్తుందని ఎక్కువమంది అనుకుంటారు. అది పొరపాటు. నామినేషన్ పనిచేసేది ఏకమొత్తం సొమ్ములకూ, చనిపోయిన రోజు వరకు రావలసిన పెన్షన్ బకాయిలకూ. ఫ్యామిలీ పెన్షన్ ఎవరికన్నది నిబంధనలే నిర్ణయిస్తాయి. సాధారణ ఫ్యామిలీ పెన్షన్ ముందుగా భార్యకు, ఆమె లేకపోతే 25 ఏళ్లలోపు పిల్లలకు చెందుతుంది. తనంతట తాను సంపాదించుకోలేని వికలాంగ సంతానానికి జీవితాంతం వస్తుంది. ఆధారం లేని పెళ్లికాని, వితంతువైన, విడాకులైన కూతుళ్లకు 25 దాటినా అర్హత ఉంది. భార్యా పిల్లలూ ఎవరూ లేనప్పుడే తల్లిదండ్రుల వంతు. ప్రత్యేక, లిబరలైజ్డ్ పెన్షన్ల విషయంలో, అతని మీద ఆధారపడిన తల్లిదండ్రులను భార్య చూడకపోతే పెన్షన్‌ను పంచే అధికారం సంబంధిత అధికారికి ఉంది. ఇలాంటి తగవు కార్యాలయానికి చేరిన రోజు నుంచి కేసు నత్తనడక నడుస్తుంది. కోడలూ అత్తా ఇద్దరూ నష్టపోతారు. ఊరి పెద్దలుగా మనం ముందుగా ఇంట్లోనే రాజీ చేయించి, అది కాగితం మీద పెట్టించగలిగితే ఆ ఇంటికి ఎంతో మేలు చేసినవాళ్లమవుతాం.

మరొక సంగతి. మనవాళ్లు సైన్యం నుంచి వచ్చాక బ్యాంకుల్లో, పోలీసు శాఖలో, రైల్వేలో మళ్లీ ఉద్యోగాలు చేస్తారు. అలాంటివారి భార్యలు ఒకప్పుడు రెండు ఫ్యామిలీ పెన్షన్లలో ఒకదాన్నే ఎంచుకోవలసి వచ్చేది. 2012 సెప్టెంబరు 24 నుంచి రెండూ తీసుకోవచ్చు. ఇది తెలియక సైనిక పెన్షన్ వదిలేసుకున్న వృద్ధులు ఇప్పటికీ కనిపిస్తున్నారు. ఆ రోజుల్లో "ఒకటే చాలు" అని రాసిచ్చిన ఆప్షన్ కాగితం ఉన్నా నిరాశపడకండి, రికార్డ్ ఆఫీసుకు రాయించండి.

నేను చెప్పదలచినది చెప్పాను. ఇప్పుడు దయచేసి మీ డిశ్చార్జ్ బుక్కులు బయటకు తీయండి. కుటుంబ వివరాలు రాసిన పేజీ తెరిచి, దాని పక్కన ఆధార్ కార్డు, పీపీఓ పెట్టి, పేరు ఒక్కొక్క అక్షరమూ, తేదీ ఒక్కొక్క అంకే సరిచూసుకోండి. చదవలేనివారికి పక్కనున్నవారు చదివి పెట్టండి. అక్షరాల్లో తేడా ఉన్నవారు ఎడమవైపు బల్ల దగ్గరికి రండి, అఫిడవిట్ నమూనాలు అక్కడ ఉన్నాయి. భార్య పేరుగానీ బిడ్డ పేరుగానీ అసలు లేనివారు కుడివైపు నా దగ్గరికి రండి. దూరం నుంచి వచ్చినవారిని, పెద్దవయసు వారిని ముందు రానివ్వండి.